నాయన సంత చెప్పిన కంప్యూటరు పుస్తకం

పోయిన వారం మా మేడమీద అద్దెకున్న వాళ్ల అమ్మాయి, ఇంజనీరింగు ముగించి బెంగళూరులో ఉద్యోగానికి పోతూ, పాత పుస్తకాలన్నీ మెట్లమీద పేర్చి పాత పేపర్లు కొనేవాడి కోసం కాచుకుని కూర్చుంది. పెరట్లోకి పోతున్న నేను ఆ దొంతర దగ్గర ఆగిపోయాను. అన్నీ కంప్యూటరు భాషను మొట్టమొదటగా నేర్చుకునేవాళ్ల కోసం రాసినవే, ఒక్కొక్కటి ఇటికరాయంత లావు, కొన్నింటిని తెరిచి చూసిన గుర్తయినా లేదు. ఇన్నెందుకు కొన్నావే అని అడిగితే, ఏది మంచిదో తెలియలేదాంటీ, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పినారు, అన్నీ కొనేసినా, ఆఖరికి ఫోన్లో చూసే నేర్చుకున్నా అని నవ్వింది. ఆ పిల్ల నవ్వడంలో తప్పేమీ లేదు, మా ఇంటి సంగతి ఆ పిల్లకు తెలిసే వీలూ లేదు. మా ఇంట్లో ఇలాంటి పుస్తకం ఒక్కటంటే ఒక్కటే కొన్నాము, దాన్ని అందరం కలిసి, ఎంతో ఆలోచించి ఎంచుకున్నాము, అది మా అన్న బతుకును ఒక పక్కకు ఒరిగేలా చేసింది.

అది ఎనభై నాలుగో, ఎనభై అయిదో. సంవత్సరాలు నాకు సరిగ్గా గుర్తుండవు, ఎండలు మాత్రం గుర్తుంటాయి. మా ఇల్లు తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడికి దగ్గరగా ఉండే పాత వీధుల్లో ఒకదాంట్లో ఉండేది. నాయన గుడిలో నలుగురితో కలిసి గోష్ఠిలో నిలబడి ప్రబంధం, అంటే ఆళ్వార్ల పాశురాలు, చెప్పేవారు, ఆయన తండ్రీ అదే చేశారు, తాతా అదే చేశారు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాయన తరువాత ఆ స్థానం మా పెదనాయన కొడుక్కు పోతుందని ముందే తేలిపోయింది గనుక, అన్న చిన్నప్పుడు ప్రబంధమంతా కంఠతా పట్టినా, అది ఆయనకు అన్నం పెట్టేది కాదని ఇంట్లో అందరికీ తెలుసు. డిగ్రీ థర్డు క్లాసులో ముగించి, టైపు లోయరు పాసై, చిత్తూరులో మామిడిపండ్ల గుజ్జు తీసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరాడు. అది పర్మనెంటు ఉద్యోగం కాదు, కాయ దిగే కాలం వస్తే పిలుస్తారు, గుజ్జు మిషన్లు ఆగిపోతే ఇంటికి పొమ్మంటారు. ఐరాల నుంచీ ఆ చుట్టుపక్కల పల్లెల నుంచీ బండ్లలో, లారీల్లో వచ్చే కాయను తూకం వేసి, కుళ్లిన కాయకు తరుగు తీసి, రైతుకు ఎంత రావాలో లెక్కగట్టడం అన్న పని. ఆ లెక్క ఆయన కాగితం లేకుండానే నోటితో చెప్పేసేవాడు, రైతులు ఆయన చెప్పిన అంకెకు ఎదురాడేవాళ్లు కారు. పెళ్లయి ఏడాది దాటలేదు, వదినకు అప్పుడు అయిదో నెల. ఆ ఒక్క కొలువు తప్ప ఆయన చేతిలో ఇంకేమీ లేదు.

ఆ ఏడు పాత లెక్కలు తేల్చడానికని కాయ దిగకముందే పిలిపించారు. అలాంటి రోజుల్లో ఒక శనివారం అన్న చిత్తూరు నుంచి వచ్చి, మేనేజరు పిలిచి చెప్పిన మాట చెప్పాడు. "సూడప్పా, మద్రాసు నుంచి కంప్యూటరు వస్తా ఉండాది. దాని భాష వచ్చినోడికి ఏడాదంతా పని ఉంటాది, పర్మనెంటు చేస్తాము. రానోడికి నేనేం చేసేది చెప్పు" అన్నాడట. కాయ దిగేలోపల పరీక్ష పెడతారు, మిషనును అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చి ఆ మిషను ముందరే కూర్చోబెట్టి చూస్తాడు. భాష పేరు బేసిక్కు. అంతకుమించి అన్నకు ఇంకేమీ తెలియదు, మాకు అంతకూడా తెలియదు. నేనప్పుడు బియ్యెస్సీ లెక్కలు చదువుతున్నాను కాబట్టి నాకు తెలిసుండాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. మా కాలేజీలో కంప్యూటరు అనే మాట జనరల్ నాలెడ్జి పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు.

ముందు తిరుపతిలోనే వెతికాము. గాంధీ రోడ్డులో గైడ్లు అమ్మే అంగళ్లన్నీ తిరిగితే, ఒకాయన అది ఏ యూనివర్సిటీ సిలబస్ అని అడిగాడు, ఇంకొకాయన టైపు పుస్తకం తీసి చేతికిచ్చి ఇదీ అదీ ఒకటే తీసుకోండమ్మా అన్నాడు. మన ఈడు వాళ్లకు ఆ అంగళ్ల సంగతి వేరే చెప్పనక్కరలేదు, పరీక్షకు రాని విషయం మీద పుస్తకం అడిగేవాణ్ని వాళ్లు పిచ్చివాణ్ని చూసినట్టు చూసేవారు. యూనివర్సిటీలో పనిచేసే దూరపు బంధువొకాయన లైబ్రరీలోంచి ఒక పుస్తకం తెచ్చిచ్చాడు గానీ, అది ఇంకో భాషది, దాన్నిండా అట్టముక్కలకు బెజ్జాలు కొట్టే బొమ్మలే. దాన్ని మూడురోజులు ముందర పెట్టుకుని కూర్చుని మళ్లీ ఇచ్చేశాము. ఇక మద్రాసు పోవలసిందేనని నాయనే తేల్చారు.

ముగ్గురం పొద్దున బస్సెక్కాము. నాయన పోవడానికి మద్రాసు తిరువల్లిక్కేణి గుడిలో పెరుమాళ్ల సేవ అని ఒక సాకు ఉంది, నాకు లెక్కల పిల్ల అనే బిరుదుంది, అన్న మాత్రం వడమాలపేట దాటకముందే పరీక్షలో ఏమడుగుతారో అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. ఆయన ఎప్పుడూ అంతే, పరీక్ష అంటే పరీక్షకు నెలముందే జ్వరం తెచ్చుకునే మనిషి.

సెంట్రల్ స్టేషను పక్కనుండే పుస్తకాల అంగళ్లలో, ఒక అంగడాయన నాయన నామం చూసి సామీ సామీ అంటూ స్టూలు వేసి, మూడు పుస్తకాలు తీసి పరిచాడు. ఒకటి అట్ట చిరిగిన పాతది, ఏదో విదేశీ మిషనుకు సంబంధించినది, దాన్ని ముట్టకుండానే పక్కన పెట్టాము. రెండోది పెద్దది, అమెరికాది, బొమ్మలూ హాస్యాలూ నిండుగా ఉండి, ప్రతి పేజీ కిందా ఇది మార్చి కొట్టి చూడు, ఏమవుతుందో చూడు, ఎందుకయిందో నువ్వే ఆలోచించు అని ఉంటుంది. మూడోది సన్నగా, మన దేశంలోనే అచ్చయినది, బొమ్మ ఒక్కటీ లేదు, ప్రోగ్రాములన్నీ పూర్తిగా చేసి చూపించి, వరుసలకు పది, ఇరవై, ముప్పై అని అంకెలు వేసి, ప్రతి ప్రశ్నకూ జవాబుతో సహా ఉంది.

నాకు పెద్దదాని మీద మనసయింది. నిజం చెప్పాలంటే అందులోని బొమ్మలకే మనసయింది. నాయన ఆ పుస్తకాన్ని తీరుబాటుగా తిరగేసి, మూసి, అంగడాయనకు తిరిగి ఇచ్చేశారు.

"ఈ పుస్తకం మనల్నే అడగతా ఉండాది గదమ్మా. మనకు తెలిసుంటే దీన్నెందుకు కొంటాము? గ్రంథమనేది చెప్పల్ల, అడక్కూడదు" అన్నారు.

కొట్టి చూడు అంటే దేనిమీద కొట్టి చూడాలి? తిరుపతి మొత్తం వెతికినా మాబోటి వాళ్లను ముట్టనిచ్చే మిషను ఒక్కటి లేదు, చిత్తూరుదేమో ఇంకా రానేలేదు. అలా ఆలోచిస్తే నాయన చెప్పిందే సబబుగా తోచింది. అంగడాయన కూడా, పరీక్షలకు పోయేవాళ్లందరూ సన్నదే తీసుకుంటారు సామీ అన్నాడు. అన్న ముఖంలో ఆ రోజు మొదటిసారి నెత్తురు తిరిగింది, ఎందుకంటే నాయన ఆ సన్న పుస్తకంలో ఒక ప్రోగ్రాము పైకి చదివి, ఇది నోట నిలుస్తుందిరా అబ్బీ అన్నారు. నోట నిలపడమంటే అన్నకు భయం లేదు, దాంట్లో ఆయన్ని మించినవాళ్లు మా వీధిలోనే లేరు.

ఇక మా ఇంట్లో మొదలయిన పాఠం లాంటిది ఇంకెక్కడా జరిగివుండదు. మా ఇళ్లలో ప్రబంధం నేర్పే పద్ధతిని సంత అంటారు, గురువు ఒక వరుస ఒక్కసారి చెబితే శిష్యుడు రెండుసార్లు చెప్పాలి, అక్షరం తప్పితే మళ్లీ మొదటికి రావాలి, అర్థం సంగతి పెద్దయ్యాక చూసుకోవచ్చు. నాయనకు ఆ పద్ధతి ఒక్కటే తెలుసు. శని ఆదివారాల్లో అన్న ఇంటికి రాగానే వసారాలో చాప వేసి, నాయన కళ్లజోడు తుడుచుకుని పుస్తకం పట్టుకుని, వడ్డీ లెక్క ప్రోగ్రాములో మొదటి వరుస, పది రెమ్ సింపుల్ ఇంటరెస్ట్ అని చెబుతారు, అన్న రెండుసార్లు చెబుతాడు. కామాను కామా అనే చెప్పాలి, సెమీకోలన్ను సెమీకోలన్ అనే చెప్పాలి, నాయన ఒక్క చుక్కను కూడా వదిలేవారు కారు. తోవన పోయేవాళ్లు ఇదేం పాశురమయ్యా అని తొంగి చూసేవాళ్లు. నాకు నవ్వాగక లోపలికి పోతే, లోపల వదిన చిక్కుడుకాయలు తుంచుతూ పెదాలు కదుపుతూ ఉండేది, అన్న ఎక్కడైనా తడబడితే, ఇరవై అయిపోయింది, ముప్పై చెప్పండి అని వంటింట్లోంచి అందించేది. రెండు నెలలు తిరక్కుండా పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా ఇంట్లో అందరికీ నోటికొచ్చింది.

ఎవరైనా విని నాయనను ఎగతాళి చేస్తే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. ఒక్క కామా పోయినా దోషమే అని ఆయన ఎంత గట్టిగా చెప్పేవారో, ఆ మిషను కూడా అంతే గట్టిగా చెబుతుందని నేను చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. ఆ విషయంలో ఆయనకూ ఆ మిషనుకూ ఏ తేడా లేదు. అన్న టైపు నేర్చిన చెయ్యి, కంఠతా వచ్చిన పుస్తకం, రెండూ చేరాక పరీక్ష పోతుందని ఊహించడానికి మాకు కారణమేదీ కనబడలేదు. మా ఇంట్లో అంత ధైర్యంగా ఉన్న నెలలు మళ్లీ రాలేదు.

పరీక్షనాటి సాయంత్రం అన్న చిత్తూరు బస్సు దిగి ఇంటికొచ్చాడు. నాయన వసారాలోనే కూర్చుని ఉన్నారు.

"ఎట్ల చేసినావు అబ్బీ?"

"ఒక్క తప్పు పోలేదు నాయనా."

నాయన ముఖం అంత విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. వదిన లోపలినుంచి మంచినీళ్ల చెంబు తెచ్చి, ఇవ్వడం మరిచిపోయి అట్లే నిలబడింది. అప్పుడు అన్న చెప్పులు విడుస్తూ, "కానీ ఆయన అడిగింది అది కాదంట నాయనా" అన్నాడు.

జరిగినదంతా ఆయన ఒక్కసారిగా చెప్పలేదు, వారమంతా ఒక్కొక్క ముక్కగా నాతో చెప్పాడు. చల్లటి గదిలో, చెప్పులు బయట విప్పించి, మిషను ముందర కూర్చోబెట్టి, ఆ ఇంజనీరు అడిగింది మామిడి లెక్కే. కాయ తూకమెంతో అడగాలి, తరుగు శాతమెంతో, ధరెంతో అడగాలి, తరుగు పోను రైతుకెంత రావాలో మిషను చెప్పాలి, అది రాయి అన్నాడు. అన్నకు ఆ లెక్క నిద్రలో అడిగినా వచ్చు. కానీ అది పుస్తకంలో లేదు. ఏం చేయాలో తెలియక, దానికి దగ్గరగా తోచిన వడ్డీ లెక్క ప్రోగ్రాము ఉన్నదున్నట్టుగా, చుక్క తప్పకుండా కొట్టాడు, మిషను కూడా ఒక్క తప్పు పట్టకుండా వడ్డీ లెక్కగట్టి చూపించింది. బాగుంది, నేనడిగింది ఇది కాదు గదా అన్నాడు ఇంజనీరు. దానితో అన్న, సంతలో అక్షరం తప్పిన పిల్లవాడు చేసే పనే చేశాడు, మొదటికి వచ్చాడు. పుస్తకంలో మొదటి ప్రోగ్రాము కొట్టాడు, తరువాతది కొట్టాడు, ఆ తరువాతది కొట్టాడు, ఎక్కడో ఒకచోట మామిడి లెక్క తగలకపోతుందా అన్న ఆశతో. ఇంజనీరు కాసేపు చూసి, చాల్లే బాబూ అని మెల్లగా చెప్పి లేపేశాడు. ఆయన మంచివాడే, కసురుకోలేదు, అదే అన్నను ఇంకా ఎక్కువ బాధపెట్టింది.

నాకప్పటికే ఆ వడ్డీ ప్రోగ్రాము నోటికొచ్చు కదా, వింటూనే మనసులో లెక్క వేసుకున్నాను. అసలు అని ఉన్నచోట తూకం, కాలం అని ఉన్నచోట తరుగు శాతం, వడ్డీరేటు అని ఉన్నచోట కాయ ధర పెడితే వచ్చేది కచ్చితంగా తరుగు డబ్బే, మొత్తంలోంచి దాన్ని తీసేయడానికి ఒక్క వరుస చేరిస్తే చాలు. పట్టలేక అనేశాను.

"అన్నా, వడ్డీ లెక్కలోనే పేర్లు మార్చుంటే సరిపోయిండేది గదా."

అన్న నావైపు తిరిగి, నేను తెలియక అడిగానన్నట్టుగా, ఓపికగా చెప్పాడు. "మారిస్తే తప్పు గదమ్మా."

వసారాలో నాయన విన్నారు. తరతరాలుగా ప్రబంధాన్ని ఒక్క అక్షరం మారకుండా మోసుకొచ్చిన కుటుంబంలో పుట్టి, మార్చకపోవడమే విద్య అని నమ్మి, ఆ నమ్మకంతోనే వీధి పిల్లలకు సంత చెప్పి గౌరవంగా బతికిన మనిషి ఆయన. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడుచుకుంటూ, "మార్చొచ్చని నాకు తెలీదే అబ్బీ" అన్నారు. ఆ తరువాత ఆయన గుడిలో గోష్ఠికి పోయారే గానీ, ఇంట్లో ఎవరికీ సంత చెప్పలేదు, వీధి పిల్లలు వచ్చినా ఇంకొకరి దగ్గరికి పొమ్మనేవారు.

ఆ ఏడు కాయ దిగినా అన్నకు పిలుపు రాలేదు. ఆ చల్లటి గదిలో కూర్చోవడానికి వేలూరు నుంచి ఎవరో పిల్లవాడు వచ్చాడని విన్నాము. వదినకు ఆడపిల్ల పుట్టింది. అన్న అలిపిరి దగ్గర ఒక పూజాద్రవ్యాల అంగట్లో చేరి, కొబ్బరికాయలూ కర్పూరమూ కట్టి ఇస్తూ, పగలంతా నిలబడే ఉద్యోగంలో నెత్తి నెరిసేదాకా ఉండిపోయాడు. మధ్యలో తెలిసినవాళ్లు ఒకటి రెండు మంచి పనులు చూపించారు, ఏదైనా పరీక్ష ఉందంటే ఆయన పోలేదు, పరీక్ష లేదన్నా కొత్తగా నేర్చుకోవలసింది ఏదైనా ఉందంటే పోలేదు. మనిషి ఎవరిమీదా విసుక్కోలేదు, తాగలేదు, నాయనను ఒక్క మాట అనలేదు. ఏదైనా అనుంటే, తొందరగా పోయిన నాయన మనసు తేలికపడి ఇంకొన్నాళ్లు బతికుండేవారేమో అని నాకు ఒక్కొక్కసారి అనిపిస్తుంది. అది అర్థంలేని ఊహే, అయినా అనిపిస్తుంది.

నేను లెక్కల టీచరునయి, ఒక హైస్కూల్లో చేరి, చాలా ఏళ్లకు మా స్కూలుకు రెండు కంప్యూటర్లు వస్తే, పిల్లలు చెడగొడతారని వాటిని గుడ్డకప్పి గదికి తాళం వేసిన రోజులు కూడా చూశాను. ఒకనాడు తాళంచెవి నా చేతికొచ్చినప్పుడు, ఆ వడ్డీ ప్రోగ్రామే కొట్టి, మూడు పేర్లు మార్చి, ఒక వరుస చేర్చాను. మొదటిసారి తప్పొచ్చింది, సరిచేశాను, మళ్లీ తప్పొచ్చింది, మళ్లీ సరిచేశాను, మూడోసారి మామిడి లెక్క సరిగ్గా వచ్చింది. సంతోషం కలగాల్సింది పోయి, ఏడుపొచ్చింది. ఇంత చిన్న పనికా మా అన్న అలా అయిపోయాడు అనిపించింది. ఆ పెద్ద పుస్తకమే కొనివుంటే అని చాలా ఏళ్లు నన్ను నేను ఊరించుకున్నాను గానీ, ఆ స్కూలు గదిలో కూర్చున్నాక ఆ ఆశ కూడా పోయింది. ఆ పుస్తకం కొనివున్నా, కొట్టి చూడు అని అది చెప్పిన ప్రతిచోటా మేము చూడలేక ఆగిపోయేవాళ్లమే. ఏ పుస్తకం తెచ్చినా మాకు అంతే జరిగేది.

కాలం మారింది, మారడం మంచిదే, నేను కాదనను. ఇప్పటి పిల్లలు మొదట తప్పు కొడతారు, తెరమీద ఎర్ర అక్షరాలొస్తే నవ్వుకుంటారు, ఇంకోలా కొడతారు, తప్పుల మీద తప్పులు చేసుకుంటూ పోయి పొద్దుపోయేలోపల దారి కనుక్కుంటారు, వాళ్ల తప్పును చూసేవాళ్లెవరూ ఉండరు, చూసినా ఏమీ అనుకోరు. మా కాలంలో తప్పు చేసి చూసుకునే చోటు ఎవరికీ లేదు, ఉన్న ఒక్క అవకాశం పరాయివాడి ముందర, చెప్పులు విప్పి కూర్చున్న ఆ ఒక్క మధ్యాహ్నమే. తప్పంటే అంత భయపడకూడదని, అది కొట్టి చూస్తేనే గానీ ఒప్పు దొరకదని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలిసినరోజు సాయంత్రం, చెప్పాలని అన్న వాళ్లింటికి పోయాను. అంగట్లోంచి అప్పుడే వచ్చి, వాచిన కాళ్లు నీళ్లబకెట్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నేను మొదలుపెట్టకముందే, ఏమ్మా, ఇంత దూరం వచ్చినావే అని నవ్వుతూ పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ ముఖం చూశాక, చెప్పవచ్చింది వదిలేసి, పిల్లదాని చదువు గురించి నాలుగు మాటలు మాట్లాడి వచ్చేశాను.